పెడల్ మూత విప్పితే తప్పేంటి?

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది చదవడానికి గిటారు వాయించడం వచ్చి ఉండక్కర్లేదు. ఇంజినీరింగులో పీడీసీ ల్యాబ్ రికార్డు (సీనియర్ రికార్డు చూసే లెండి) రాసిన జ్ఞాపకం కాస్త ఉంటే చాలు. మిగతాది నేను చెప్తాను. గిటారు వచ్చినవాళ్ళు వచ్చే పేరా దాటేసి నేరుగా కిందకి దిగిపోవచ్చు.

ఎలక్ట్రిక్ గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య, నేల మీద పెట్టుకుని కాలితో నొక్కే చిన్న డబ్బాని పెడల్ అంటారు. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, పైన రెండు మూడు నాబ్‌లు, ఒక స్విచ్చి, 9 వోల్టుల బ్యాటరీ. అంతే. గిటారు నుంచి వచ్చే సిగ్నల్‌ని ఒక్కో పెడల్ ఒక్కో రకంగా మారుస్తుంది. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి శబ్దాన్ని అలల్లా ఊపుతుంది, ఇంకోటి గొంతు చించుకుని అరిచినట్టు చేస్తుంది. రాక్ పాటల్లో వినపడే ఆ గరగర ఈ చివరి రకానిది. దాన్నే డిస్టార్షన్ అంటారు. నా గోలంతా దీని గురించే.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నదేంటంటే, సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికే డిస్టార్షన్ పెడల్ ఒకటి కొని, ఇంట్లోనే విప్పి, నాలుగు పార్టులు మార్చి చూడటం మనలాంటివాళ్ళు తప్పకుండా చెయ్యాల్సిన పని. అయితే అందరూ చెప్పే కారణానికి కాదు. అందరూ ఏం చెప్తారు? "రెండొందల రూపాయల సామాను వేస్తే మూడు వేల పెడల్ ముప్పై వేల పెడల్ అయిపోతుంది" అంటారు. చాలావరకు ఇది ఉత్త మాట. అసలు లాభం వేరే ఉంది. ఈ రంగంలో నడిచే మాటల్లో ఏది నిజమో ఏది పుకారో మన టేబుల్ మీదే, మన చేత్తోనే తేల్చుకోవచ్చు. ఇంత తక్కువ ఖర్చుతో అలా తేల్చుకునే అవకాశం ఇంకెక్కడా రాదు.

కాస్త చరిత్ర చూద్దాం. ఈ డిస్టార్షన్ అనేది పుట్టడమే ఒక లోపంగా పుట్టింది. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకటి నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ఏదో పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు బిట్ అంతా బరబరలాడుతూ వచ్చింది. తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. జనానికి నచ్చింది. అక్కడి సౌండ్ ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో రప్పించే సర్క్యూట్ తయారు చేస్తే, గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. "అది బగ్గు కాదండీ, ఫీచరు" అని మనం క్లయింటుకి చెప్పే మాట వీళ్ళు మనకంటే ముందే చెప్పేశారన్నమాట!

ఆ తర్వాత 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ ఇంకో అడుగు ముందుకేశాడు. అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు. తన చిన్న చవక ఆంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసేశాడు. "యూ రియల్లీ గాట్ మీ" పాటలో వినపడే గిటారు శబ్దం అలా వచ్చిందే. కాబట్టి ఇంట్లో కూచుని చవక సామాను మీద ప్రయోగాలు చెయ్యడం ఈ రంగంలో ఎవరో పనీపాటా లేనివాళ్ళు మొన్న మొదలెట్టిన వ్యవహారం కాదు.

ఇప్పుడు మన ల్యాబ్ రికార్డు దగ్గరికి వద్దాం. క్లిప్పర్లు, క్లాంపర్లు అని ప్రయోగాలుండేవి, గుర్తుందా? సైన్ వేవ్ ఇస్తే, డయోడు దాని తల నరికేస్తుంది. సీఆర్‌వో తెర మీద చూసి, గ్రాఫు షీటు మీద వేసి, సంతకం పెట్టించుకుని బయటపడేవాళ్ళం. ఇది దేనికి పనికొస్తుందని అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళూ లేరు. డిస్టార్షన్ పెడల్ అంటే అచ్చంగా అదే ప్రయోగం. గిటారు సిగ్నల్‌ని ముందు బాగా పెద్దది చెయ్యడం, తర్వాత రెండు డయోడ్లతో పైనా కిందా నరికెయ్యడం. అలా నరికిన చోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి. చెవికి గరగరగా వినపడేవి అవే. ఆ సర్క్యూట్ ఒక రోజున పాట వాయిస్తుందని ల్యాబ్‌లో ఒక్కరు చెప్పి ఉంటే, మా క్లాసులో కనీసం పదిమంది జావా వైపు రాకుండా ఉండేవాళ్ళేమో!

ఉదాహరణకి బాస్ కంపెనీ నారింజ రంగు డబ్బా డీఎస్-1 తీసుకోండి. 1978లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. కర్ట్ కోబేన్ వాడాడు, జో సాట్రియానీ వాడాడు. ప్రపంచమంతా లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి సెకండ్ హ్యాండులో సులువుగా దొరుకుతుంది. దీని మీద అందరూ మొదట చేసే మార్పు ఆ రెండు సిలికాన్ డయోడ్లు తీసేసి ఎర్ర ఎల్ఈడీలు పెట్టడం. ఎల్ఈడీ అంటే వెలగడానికే అనుకుంటాం గానీ అదీ డయోడే. ఇక చేసినవాళ్ళంతా ఒకటే మాట: "శబ్దం విచ్చుకుంది, ఊపిరి పోసుకుంది, ఎక్కడికో వెళ్ళిపోయింది".

ఎందుకలా అనిపిస్తుందో లెక్క వేద్దాం. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టుల దగ్గర నరుకుతుంది. ఎర్ర ఎల్ఈడీ సుమారు 1.7 వోల్టుల దాకా ఆగుతుంది. అంటే బయటికొచ్చే సిగ్నల్ ఇంచుమించు మూడింతలు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 9. ఇది చిన్న తేడా కాదు. ఎక్కువ శబ్దంతో వినిపించిందే మనిషి చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. టీవీ షోరూముల్లో, హై-ఫై దుకాణాల్లో అమ్మేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. "ఊపిరి పోసుకుంది" అన్నదాంట్లో పెద్ద వాటా వట్టి వాల్యూమ్‌దే.

మరి ఎల్ఈడీల వల్ల అసలు తేడా లేదా అంటే, ఉంది. పెడల్ మీద వాల్యూమ్ నాబ్ తగ్గించి రెండూ ఒకే స్థాయికి తెచ్చి వినండి. సిలికాన్‌తో శబ్దం నలిగి, బిగుసుకున్నట్టు ఉంటుంది. ఎల్ఈడీతో తీగని గట్టిగా మీటినప్పుడూ మెల్లగా మీటినప్పుడూ తేడా బాగా తెలుస్తుంది. ఇది నిజమైన తేడా. కాకపోతే మొదట విన్న "అద్భుతం"లో ఇది మిగిలేది కొంతే. ఏ కొంత నిజమో తెలియడానికి రెండు ఎల్ఈడీలు చాలు. పది రూపాయలు పెడితే చిల్లర వెనక్కొస్తుంది.

ఇక అసలైన గుడి దగ్గరికి వెళ్దాం. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ అని ఆకుపచ్చ పెడల్. స్టీవీ రే వాన్ వాడటంతో దానికి దేవుడి హోదా వచ్చేసింది. పాత టీఎస్808కి భక్తులెక్కువ. 1982లో వచ్చిన టీఎస్9కి కాస్త తక్కువ. పాత 808ల ధరలు చూస్తే మన బైకు గుర్తొస్తుంది. మరి రెండింటికీ సర్క్యూట్లో తేడా ఎంతో తెలుసా? అవుట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లు. 808లో 100 ఓమ్స్, 10 కిలో ఓమ్స్. టీఎస్9లో 470 ఓమ్స్, 100 కిలో ఓమ్స్. అంతే. ఆ రెండూ మారిస్తే కాగితం మీద టీఎస్9 కాస్తా 808 అయిపోతుంది. దుకాణంలో ఆ రెండు రెసిస్టర్లే అడిగితే చిల్లర లేదని ఊరికే ఇచ్చినా ఇస్తారు.

"రెసిస్టర్లు కాదండీ, మహత్యమంతా ఆ చిప్పులో ఉంది" అంటారు భక్తులు. జేఆర్‌సీ4558డి అనే ఆప్-ఆంప్ కోసం జనం వెతికే తీరు చూస్తే నవ్వొస్తుంది. గమ్మత్తేంటంటే పాత 808లన్నిట్లోనూ ఆ చిప్పే లేదు. కొన్నిట్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఆర్‌సీ4558పి ఉండేది. అవి కూడా పూజలందుకుంటూనే ఉన్నాయి. నేను నా పెడల్‌లో సాకెట్ పెట్టి మూడు రకాల చిప్పులు మార్చి మార్చి విన్నాను. నాకంటే చాలా బాగా వాయించే మిత్రుణ్ణి పిలిచి, ఏది పెట్టానో చెప్పకుండా వినిపించాను. ఇద్దరం నిలకడగా పోల్చుకోలేకపోయాం. ఇందులో వింతేమీ లేదు. ఈ సర్క్యూట్లో శబ్దాన్ని తీర్చిదిద్దేది ప్రధానంగా డయోడ్లూ, చుట్టూ ఉన్న కెపాసిటర్లూ, రెసిస్టర్లూను. చిప్పు చేసేది పెద్దది చెయ్యడం. ఆ పని ఏ మామూలు చిప్పైనా చేసి పెడుతుంది.

అయితే చిప్పుతో ఎప్పుడూ తేడా రాదని కూడా అనకూడదు. ప్రోకో ర్యాట్ అనే పెడల్‌లో ఎల్ఎం308 అనే చిప్పు ఉండేది. అది చాలా నిదానమైన చిప్పు. ర్యాట్‌లో గెయిన్ బాగా పెంచుతారు కాబట్టి ఆ నిదానం వల్ల పై స్వరాలు మెత్తబడతాయి. వేగంగా పనిచేసే చిప్పు పెడితే శబ్దం పదునెక్కుతుంది. అంటే ఒకే మాట ఒక సర్క్యూట్లో నిజం, ఇంకో సర్క్యూట్లో పుకారు. ఏది ఎక్కడ నిజమో తెలియాలంటే సర్క్యూట్ చదవాలి, పార్టు మార్చి వినాలి. ఇంకో దారి లేదు.

అసలు ఆ సర్క్యూట్ చదవడంలోనే మజా ఉంది. మనం ఆఫీసులో చేసే పని గుర్తు తెచ్చుకోండి. పదేళ్ళ క్రితం ఎవరో రాసిన లక్షల లైన్ల కోడ్‌లో ఒక మూల మనది. మొత్తం ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు కంపెనీలో ఉండడు, ఉన్నా రాజీనామా పెట్టేసి ఉంటాడు. పెడల్ సర్క్యూట్ ఒక్క కాగితంలో పట్టేస్తుంది. ఎడమ వైపు నుంచి కుడి వైపుకి వేలు పెట్టి చదువుకుంటూ పోవచ్చు. ఇదిగో ఇక్కడ పెద్దదవుతోంది, ఇక్కడ నరుకుతోంది, ఇక్కడ టోన్, ఇక్కడ వాల్యూమ్. ఒక పార్టు మారిస్తే ఏమైందో పది నిమిషాల్లో చెవికి తెలిసిపోతుంది. బిల్డ్ అయ్యేదాకా కాఫీ తాగొచ్చే పనే లేదు.

చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ట్యూబ్ స్క్రీమర్‌లో 4.7 కిలో ఓమ్స్ రెసిస్టరు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒక జత ఉంటాయి. లెక్కేస్తే 720 హెర్ట్జ్ వస్తుంది. దానికి కిందున్న స్వరాలకి గెయిన్ తక్కువ అందుతుంది. గిటారులో లావు తీగ స్వరం 82 హెర్ట్జ్. అందుకే "ఈ పెడల్‌లో బేస్ చచ్చిపోతోంది" అని అందరూ తిట్టుకుంటూ ఆ కెపాసిటరు తీసేసి 0.1 పెడతారు. గీత 340 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. ఇంట్లో ఒక్కళ్ళే వాయించుకుంటే భలే నిండుగా ఉంటుంది. అదే బ్యాండులో బేస్ గిటారు, డ్రమ్స్ పక్కన వాయించి చూడండి, శబ్దమంతా బురదలా కలిసిపోవచ్చు. కింది స్వరాలని ఎక్కువ నరికితే వచ్చే ఇబ్బంది అదే. అంటే ఆ 720 పెట్టిన జపాన్ ఇంజినీరు తెలివితక్కువవాడేం కాదు. పాత కోడ్ చూసి "ఏ గాడిద రాశాడ్రా ఇది" అనబోయి, అరగంట తర్వాత అలా ఎందుకు రాశాడో అర్థమై నోరు మూసుకునే అనుభవం మనందరికీ ఉంది కదా. ఇదీ అంతే.

దీనికి పూర్తిగా ఎదురు కథ క్లాన్ సెంటార్‌ది. బిల్ ఫినిగన్ అనే ఆయన 1994 నుంచి అమ్మిన పెడల్ అది. సర్క్యూట్ ఎవరికీ కనపడకుండా బోర్డు మీద ఎపాక్సీ పోసేశాడు. కనపడనిదానికి మహిమ ఎక్కువ కదా. సెకండ్ హ్యాండు ధర కొన్ని వేల డాలర్లకి పాకింది. చివరికి కొందరు ఆ ఎపాక్సీ గీకి, సర్క్యూట్ గీసి బయటపెట్టారు. చూస్తే తెలివైన డిజైనే, ఆయన గొప్పతనాన్ని కాదనను. కానీ మంత్రం కాదు, మనకి తెలిసిన పార్టులే. ఆ తర్వాత అదే సర్క్యూట్‌తో చవక పెడళ్ళు కుప్పలుగా వచ్చాయి. 2024లో ఫినిగన్ బేరింజర్ కంపెనీ మీద కోర్టుకెళ్ళింది కూడా పేరు గురించీ రూపం గురించే. మూత తియ్యనిచ్చిన రోజున ధరలో ఎంత పనితనానికి, ఎంత పుకారుకి అన్నది తేలుతుంది. నా పట్టుదలంతా అక్కడే.

సరే, చెయ్యాలంటే ఏం కావాలి? 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, డీసోల్డర్ పంపు, చవక మల్టీమీటరు, స్క్రూడ్రైవరు. పార్టులకి హైదరాబాదులో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీ, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్. అమెరికాలో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. పెడల్ కొనేటప్పుడు మాత్రం పాత రకం, కాళ్ళున్న పార్టులు బోర్డు రంధ్రాల్లో దిగేది చూసి కొనండి. కొత్తగా వచ్చే చాలా పెడళ్ళలో పార్టులు ఆవగింజల్లా ఉండి బోర్డు మీదే అతుక్కుని ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్ళకి అవి కుదరవు.

పద్ధతి మాత్రం ఆఫీసులో నేర్చుకున్నదే. విప్పగానే ఫోటో తీసి పెట్టుకోండి, అదే మీ బ్యాకప్. ఒక్కసారికి ఒక్క మార్పే. మార్చే పార్టు దగ్గర చిన్న సాకెట్ పెడితే మళ్ళీ మళ్ళీ బోర్డుని వేడి చెయ్యక్కర్లేదు. వేడి ఎక్కువైతే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. డయోడ్ల దగ్గర చిన్న టాగుల్ స్విచ్చి పెడితే పాతదీ కొత్తదీ అప్పటికప్పుడు మార్చి వినొచ్చు. వినేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. వాయించేది కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి, శుభ్రమైన గిటారు శబ్దం ఒకసారి రికార్డు చేసుకుని దాన్నే పెడల్‌లోకి పంపండి. స్విచ్చి ఇంట్లోవాళ్ళ చేతికివ్వండి. మీ చేతికి తెలిస్తే చెవి కూడా దానికి తగ్గట్టే వింటుంది.

"ఇంత అవసరమా? ఆ డబ్బుకి కొత్త చైనా పెడలే వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో అయితే వంద పెడళ్ళు ఒకేసారి వస్తాయి" అంటారు. శబ్దమే కావాలంటే నిజమే, అదే చెయ్యండి. నేనూ రాత్రిళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సాఫ్ట్‌వేర్‌తోనే వాయిస్తాను. ఐరన్ వేడెక్కేదాకా కూచునే ఓపిక అందరికీ ఉండదు, ఉండాలనీ లేదు. కానీ అందులో మెనూలో "జర్మేనియం డయోడ్" అని ఉంటే, దాని వెనకేం జరుగుతోందో వాళ్ళు చెప్పిందే నమ్మాలి.

డబ్బు తీసుకుని మార్చిచ్చేవాళ్ళ మీద కూడా నాకు కోపం లేదు. రాబర్ట్ కీలీ, అనలాగ్ మ్యాన్‌గా పేరుపడ్డ మైక్ పియెరా లాంటివాళ్ళు పేరు తెచ్చుకున్నదే పెడళ్ళని మార్చివ్వడంతో. వాళ్ళు తీసుకునేది పనితనానికి, అనుభవానికి. నా గొడవల్లా పది పైసల పార్టుకి పురాణం కట్టి అమ్మేవాళ్ళతోనే. పైన పేరు చెరిపి "పాత జపాన్ చిప్పు" అని కొత్త పేరు అచ్చేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు, జాగ్రత్త.

నాలుగు హెచ్చరికలు. 9 వోల్టులు మిమ్మల్నేం చెయ్యవు, ధైర్యంగా విప్పండి. వాల్వ్ ఆంప్లిఫయరు మాత్రం ముట్టుకోవద్దు. అందులో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో నిలవుండిపోతాయి. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకోండి, సోల్డరులో సీసం ఉండొచ్చు కాబట్టి పనయ్యాక చేతులు కడుక్కోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. 70ల, 80ల నాటి అసలు జపాన్ పెడల్ చేతికొస్తే దాన్ని కదపకండి. అలాంటివి ఇంక తయారవ్వవు, ప్రయోగానికి నిన్నటి పెడల్ చాలు. ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. మార్చిన పెడల్ అమ్మేటప్పుడు ఏం మార్చారో కాగితం మీద రాసి, తీసేసిన పార్టులు చిన్న కవరులో వేసి కొనేవాడికి ఇవ్వండి. చెప్పకుండా అమ్మడం అంటే డాక్యుమెంటేషన్ లేకుండా కోడ్ అప్పగించి వెళ్ళిపోవడమే. అలా వెళ్ళిపోయినవాళ్ళని మనం రోజూ ఏమని తిట్టుకుంటామో ఇక్కడ రాయలేను.

మన ఊళ్ళల్లో రేడియో రిపేరు షాపులుండేవి. డిగ్రీ లేని మనిషి, ముందు విప్పిన రేడియో, పక్కన పొగలొచ్చే ఐరన్. విప్పితే పాడైపోతుందని ఆయన భయపడి ఉంటే ఆ షాపు ఒక్క రోజు కూడా నడిచేది కాదు. ఈసీఈ పట్టా గోడకి తగిలించుకుని, "వారంటీ పోతుంది" అనే స్టిక్కరు చూసి ఆగిపోయేది మనమే. సెకండ్ హ్యాండు పెడల్‌కి వారంటీ ఎప్పుడో పోయింది కదండీ. ఇంకా దేనికి భయం? వచ్చే శనివారం స్క్రూడ్రైవరు తీయండి.